ఐదు మీటర్ల దగ్గర ఆగిన నది

"నేను సంతకం పెట్టను," అంది బ్లాసిడా ఒవెలార్, కాగితాల కట్టను బల్ల మీద అవతలికి తోస్తూ.

అసున్సియోన్‌లో నది ఒడ్డుకు నాలుగు వీధుల ఇవతల ఉన్న ఆ నీటిమట్టాల ఆఫీసులో ఆమె మొండితనం కొత్తేమీ కాదు. ఎండాకాలం కిటికీలు ఎవరు మూయాలన్న దగ్గర్నుంచి ప్రింటర్ ఎక్కడుండాలన్న దాకా ఆమె పట్టు పట్టని విషయం లేదు. అయితే ఈసారి ఎదురుగా కూర్చున్నది డైరెక్టర్ విల్ఫ్రిడో ఇన్స్‌ఫ్రాన్, ఆఫీసులో అందరూ 'ఇంజనీరు గారు' అని పిలిచే మనిషి. ఆయన పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొత్త ప్రోగ్రామ్ కోడ్ రాసిన డెర్లిస్ సముడియో. ముప్ఫై ఏళ్ళ ఇంజనీరు. ఆఫీసులో చేరి ఏడాదిన్నర అయింది. మంచి పనివాడని బ్లాసిడాయే నలుగురితో అనేది.

పరాగ్వే నది పొడవునా అరవై మూడు చోట్ల గీతలు వేసిన కొలబద్దలు నీళ్ళలో పాతి ఉన్నాయి. ప్రతి పొద్దున ఏడింటికి ఒక్కో చోట ఒక్కో మనిషి ఒడ్డుకు వెళ్ళి, నీళ్ళు ఏ గీత దాకా వచ్చాయో చూసి, ఫోన్‌లో ఒక లైను కొట్టి పంపుతారు. ఊరి గుర్తు, తేదీ, మట్టం, అంతే. ఆ లైన్లను చదివి, అంకెలుగా మార్చి, గోడ మీది పెద్ద తెర మీద గీతలుగా చూపించే ప్రోగ్రామ్‌ను ఇరవై రెండేళ్ళ క్రితం సి భాషలో బ్లాసిడా రాసింది. పదకొండు వందల లైన్ల కోడ్. అతుకుల మీద అతుకులు వేసి వేసి అందం చందం లేకుండా పోయింది. కానీ దానికి ఒక గుణం ఉంది. చదవలేని లైను వస్తే ఊహించి రాయదు. ఆ లైనును పక్కన పెట్టి, ఎందుకు చదవలేకపోయిందో రాసి, తెర మీద ఆ ఊరిని ఎర్రగా చూపిస్తుంది. అప్పుడు ఆఫీసులో ఎవరో ఒకరు ఫోన్ తీసి ఆ ఊరివాళ్ళను అడగాలి. రోజుకు ఎనిమిదో, పదో ఎర్రవి ఉండేవి.

డెర్లిస్ రెండు నెలలు కూర్చుని దాన్నంతా శుభ్రం చేశాడు. పదకొండు వందల లైన్లు నాలుగు వందల ఇరవై అయ్యాయి. సోమవారం ఉపమంత్రి ఈ ఆఫీసును చూడటానికి వస్తోంది. అంతకుముందే కొత్తది తెర మీదికి రావాలని డైరెక్టర్ పట్టుదల. రాసినవాళ్ళు ఒకరు, పరిశీలించినవాళ్ళు ఒకరు సంతకం చేయనిదే ఏ ప్రోగ్రామూ వాడకంలోకి రాకూడదని ఆఫీసు నియమం. పరిశీలించేది బ్లాసిడా.

"ముప్ఫై ఒక్క అభ్యంతరాలా, బ్లాసిడా గారూ?" అన్నాడు డైరెక్టర్ కట్ట తిరగేస్తూ. "ఇల్లు కట్టేటప్పుడు కూడా మునిసిపాలిటీ వాళ్ళు ఇన్ని పెట్టరు."

డెర్లిస్ గొంతు సవరించుకున్నాడు. "న్యా బ్లాసిడా, ఒక మాట అడుగుతా. కోపం తెచ్చుకోకండి. ఇది మీ కోడ్ కాకపోతే ఇంత పట్టు పట్టేవారా?"

పెద్దావిడలను న్యా అని పిలవడం అక్కడి మర్యాద. మర్యాదగానే అడిగినా ఆ ప్రశ్న సూటిగా తగిలింది. రెండు రోజులుగా ఆమె తనను తాను అడుగుతున్నదీ అదే.

"బాధగానే ఉందబ్బాయ్, లేదని అబద్ధం చెప్పను," అంది. "నా లైన్లు నువ్వు కొట్టేస్తుంటే నా వంటింట్లోకి ఎవరో వచ్చి గిన్నెలు సర్దుతున్నట్టుంది. సరే, నాలుగో కాగితం తియ్యి. గట్టిగా చదువు."

డెర్లిస్ తీశాడు. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు. "పాత కోడ్‌లో ఇక్కడ తప్పుంది. వచ్చే లైనుకు ఎనభై అక్షరాల చోటు మాత్రమే ఉంచి, అంతకన్నా పొడుగు లైను వస్తే ఏమవుతుందో చూడలేదు. పక్కనున్న మెమరీ మీద రాసేస్తుంది. డెర్లిస్ కనిపెట్టి సరిచేశాడు. ఇది తప్పకుండా ఉంచాలి."

"ఇరవై రెండేళ్ళు నా కళ్ళ ముందే ఉంది, నేను చూళ్ళేదు. నువ్వు చూశావు," అంది బ్లాసిడా. "ఇప్పుడు పదకొండోది తియ్యి. అంకె ఉండాల్సిన చోట అంకె కానిది వస్తే నీ కోడ్ ఏం చేస్తుంది?"

"సున్నా ఇస్తుంది."

"సున్నా వచ్చాక?"

"సున్నా వస్తే తప్పని తెలుసు కదండీ. అందుకే నిన్నటి అంకె వేస్తుంది. గీత తెగకుండా వస్తుంది."

"సున్నా తప్పని ఎవరు చెప్పారు నీకు? కరువొచ్చిన ఏడాది ఈ ఊళ్ళో నది సున్నా కంటే కిందికి పోయింది. పడవలు బురదలో కూర్చున్నాయి. అప్పుడు నీ ప్రోగ్రామ్ ఉండుంటే ఏం చేసేది? సున్నా వచ్చిన ప్రతి రోజూ నిన్నటి అంకె, నిన్నటి అంకె! సరే, కరువు సంగతి వదిలెయ్యి. వరదొచ్చి కొలబద్దే మునిగిపోతే ఆ మనిషి ఏం రాస్తాడు? 'మునిగింది' అని రాస్తాడు. నీ తెర మీద మాత్రం నిన్నటిలాగే పచ్చగా ఉంటుంది."

డెర్లిస్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు, ఆమె ఆగలేదు.

"ఇంకోటి. కామాను చుక్కగా మార్చే ముక్క ఒకటి ఉండేది. ఎందుకు తీసేశావు?"

"అవసరం లేదండీ. మట్టం రాసేటప్పుడు చుక్కే పెట్టమని అందరికీ సర్క్యులర్ పంపాం."

"పుయెర్తో మిలాగ్రోస్‌లో పోర్ఫిరియా కన్యేతే అని కొలబద్ద చూసే ఒకావిడ ఉంది. నీ సర్క్యులర్‌ని చిపా రొట్టెలు కాల్చే పొయ్యిలో పెట్టేసి ఉంటుంది."

డైరెక్టర్ నవ్వలేదు. "బ్లాసిడా గారూ, నా మాట కూడా వినండి. తెర నిండా ఎర్రటి మచ్చలుంటే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? వీళ్ళకి పని రాదనుకుంటారు."

"ఎర్రగా ఉన్నచోట మనకి తెలీదని అర్థం, ఇంజనీరు గారూ. తెలీనిదాన్ని తెలిసినట్టు చూపించమంటే నావల్ల కాదు."

"మీ సంతకం లేకపోయినా నేను పెట్టించగలను."

"పెట్టించండి. కింద మీ పేరు రాసుకోండి. నాది మాత్రం ఉండదు."

ఆయన అన్నంత పనీ చేశాడు. గురువారం పొద్దున, తొలి లైన్లు రాకముందే, పరిశీలించినవారి చోట తనే సంతకం చేసి కొత్త ప్రోగ్రామ్‌ను తెర మీదికి ఎక్కించాడు. బ్లాసిడా ఎవరితోనూ గొడవ పడలేదు. తన బల్ల దగ్గరికి వెళ్ళి, ఊళ్ళనుంచి వచ్చే లైన్లు యథాతథంగా తన మిషన్‌లోకి కూడా వచ్చేలా చేసుకుని, పాత ప్రోగ్రామ్‌ను అక్కడ నడపడం మొదలుపెట్టింది. అదంతా కుదిరేసరికి రాత్రయింది, అంకెలు పొద్దున చూడొచ్చనుకుంది. ఆపమని ఎవరూ అనలేదు, ఎందుకంటే అలా చేస్తోందని ఎవరికీ తెలీదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి తెర కళకళలాడిపోయింది. అరవై మూడు గీతలు, ఒక్క ఎర్ర మచ్చ లేదు. రేడియో గదివాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు. తెరెరె అనే చల్లటి ఆకు పానీయం నింపిన కొమ్ము చేతులు మారుతోంది. డెర్లిస్ వీపు తట్టనివాళ్ళు లేరు.

బ్లాసిడా తెరకేసి చూసింది, తన మిషన్‌కేసి చూసింది. పుయెర్తో మిలాగ్రోస్ దగ్గర తెర మీద గురువారం ఐదు మీటర్లు, శుక్రవారం ఐదు మీటర్లు. నది పొంగే మే నెల, ఎగువన వారం రోజులుగా వానలు, అయినా నది కదలకుండా నిలబడి ఉంది. పాత ప్రోగ్రామ్‌లో మాత్రం గురువారం ఐదు అరవై రెండు, శుక్రవారం ఐదు డెబ్బై ఎనిమిది. ఆ ఊరికి ప్రమాద హద్దు ఐదున్నర.

ఆమె ఆ ఊరినుంచి వచ్చిన అసలు లైను తెరిచి చూసింది. 5,78. కామా దగ్గర కొత్త ప్రోగ్రామ్ చదవడం ఆపేసింది. ముందున్న ఐదును తీసుకుని తృప్తి పడింది.

వెంటనే ఫోన్ చేసింది.

"ఎవరూ?" అని అవతలి నుంచి కేక.

"నేనే, న్యా పోర్ఫిరియా. బ్లాసిడాని."

"ఏమే పిల్లా, బతికే ఉన్నావా? నీళ్ళు పెరుగుతుంటే మీ ఆఫీసు నుంచి పలకరించే దిక్కు లేదేంటా అనుకుంటున్నా."

"ఇప్పుడెంతుంది?"

"పొద్దున పంపాగా. ఐదు కామా డెబ్బై ఎనిమిది. ఇందాక చూస్తే ఎనభై దాటింది. కింది వీధిలో కోళ్ళ గూళ్ళ కిందకి నీళ్ళొచ్చేశాయి. పద్నాలుగు ఇళ్ళున్నాయే అక్కడ. లారీలు పంపండయ్యా అని జిల్లా ఆఫీసుకి పోతే ఏమన్నారో తెలుసా? అసున్సియోన్ తెర మీద ఐదే ఉంది, ముసలమ్మా, నీ కళ్ళు చూపించుకో అన్నారు. నన్ను! నా కళ్ళని!"

"మీ కళ్ళకేం కాలేదు."

"మరెవరి కళ్ళు పోయినట్టు?"

"మావే," అంది బ్లాసిడా. "చుక్క పెట్టమని మీకు కాగితం వచ్చిందా?"

"వచ్చింది. బళ్ళో మా టీచరమ్మ కామా నేర్పింది. అరవై ఎనిమిదేళ్ళొచ్చాక మీ మిషన్ కోసం మళ్ళీ పలక పట్టుకోమంటావా?" అని, కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "నీకు ఇబ్బందైతే చెప్పవే. చుక్కే పెడతాలే."

ఒక్క చుక్క. రేపటి నుంచి ఆ ఊరి గీత సరిగ్గా వస్తుంది. డైరెక్టర్ సంతోషిస్తాడు, సోమవారం హాయిగా గడిచిపోతుంది. బ్లాసిడా తెర మీద మిగిలిన అరవై రెండు పచ్చ గీతలకేసి చూసింది.

"వద్దు," అంది. "మీరు ఎలా రాస్తారో అలాగే రాయండి. చదవాల్సింది మేము."

తర్వాత జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసింది. వాళ్ళకు ఏదైనా చెప్పాలంటే డైరెక్టర్ సంతకంతో బులెటిన్ వెళ్ళాలి. అది ఆమెకు బాగా తెలుసు. ఫోన్ ఎత్తిన అధికారి మొదట అడిగిందీ అదే.

"బులెటిన్ ఏదండీ?"

"బులెటిన్ లేదు, నేనున్నాను. నా పేరు రాసుకోండి. బ్లాసిడా ఒవెలార్. గుర్తింపు కార్డు నంబరు చెప్తా, అదీ రాసుకోండి. పుయెర్తో మిలాగ్రోస్‌లో పొద్దున ఏడింటికి ఐదు మీటర్ల డెబ్బై ఎనిమిది. ఇప్పుడు ఎనభై దాటింది."

"తెర మీద ఐదని..."

"తెర తప్పు. లారీలు ఎందుకు పంపావని రేపు మిమ్మల్ని ఎవరన్నా అడిగితే, ఒవెలార్ చెప్పిందని చెప్పండి. పంపకపోతే మాత్రం, చెప్పినా పంపలేదని నేనే చెప్తాను. ఎవరికి చెప్పాలో కూడా నాకు తెలుసు."

అధికారి కార్డు నంబరు మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి రెండు లారీలు పుయెర్తో మిలాగ్రోస్ కింది వీధిలోకి దిగాయి. మూడుంపావుకు డైరెక్టర్ గదికి రమ్మని బ్లాసిడాకు కబురొచ్చింది.

ఆయన నిలబడే ఉన్నాడు. "జిల్లా వాళ్ళకి చెప్పే అధికారం మీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"దీనికి మిమ్మల్ని సస్పెండ్ చెయ్యొచ్చు, తెలుసా?"

"చెయ్యండి. కాగితం మీద కారణం రాయాలిగా? నది ఎంతుందో అంతే చెప్పినందుకు అని రాయండి. నేను దాచుకుంటాను."

"ఆవిడకి చుక్క పెట్టమని చెప్తే పోయేదిగా! అర నిమిషం పని!"

"చెప్పను."

"అదే, ఎందుకు చెప్పరు?"

"చెప్తే ఆ ఒక్క గీతే సరవుతుంది. మిగతావాటి సంగతేంటి? వాటిలో ఏది నిజమో, ఏది కాదో మీకు తెలుసా? నాకూ తెలీదు. ఆ ప్రోగ్రామ్‌కి అసలే తెలీదు, తెలీదని చెప్పే నోరు కూడా దానికి లేకుండా చేశాం. పోర్ఫిరియా గారిని సరిదిద్దడం నా పని కాదు, ఇంజనీరు గారూ. కోడ్‌ని సరిదిద్దడం నా పని. దాన్ని సరిచేసేదాకా రోజూ నేనే ఫోన్ చేసి చెప్తుంటాను. ఆపాలంటే ఫోన్ తీగ తెంపండి. ఎదురుగా ఫార్మసీలో ఇంకో ఫోనుంది."

తలుపు దగ్గర డెర్లిస్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఇద్దరూ గమనించలేదు. చేతిలో కాగితం ఉంది. పొద్దున తెర ముందు తెరెరె తాగిన మనిషిలా లేడు.

"పద్దెనిమిదండీ," అన్నాడు.

"ఏంటి పద్దెనిమిది?" అన్నాడు డైరెక్టర్ విసుగ్గా.

"నిన్నా ఇవాళా కలిపి నూట ఇరవై ఆరు లైన్లొచ్చాయి. ఒక్కోటీ నేనే కళ్ళతో చదివి తెరతో సరిపోల్చాను. పద్దెనిమిది తప్పు. రెండు చోట్ల..." అతను కాగితం బల్ల మీద పెట్టాడు. "రెండు చోట్ల 'మునిగింది' అని రాశారు. మనం నిన్నటి అంకె వేశాం."

బ్లాసిడాకు గెలిచానన్న సంతోషం కలగలేదు. ఆ కుర్రాడి ముఖం చూస్తే, మూడు రోజుల క్రితం తనే ఇంకాస్త మెల్లగా, ఇంకాస్త అర్థమయ్యేలా చెప్పి ఉండాల్సిందేమో అనిపించింది.

"నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు డెర్లిస్. "ఇప్పుడు దాని కింద మీ ఒక్కరి సంతకమే ఉంది, ఇంజనీరు గారూ."

డైరెక్టర్ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు, పైవాళ్ళంటే భయమున్నవాడు. "ఆ రెండు ఊళ్ళూ ఏవి?" అని అడిగాడు చివరికి. డెర్లిస్ చెప్పాడు. ఆయన ఫోన్ తనే అందుకున్నాడు.

"పాతదే మళ్ళీ పెట్టేద్దామా?" అన్నాడు డెర్లిస్ బయటికొచ్చాక.

"అలాగే పెడితే ఒప్పుకోను. నువ్వు చూపించిన ఆ ఎనభై అక్షరాల తప్పు దాన్లో అలాగే ఉంది. ముందు అది సరిచెయ్యి, అప్పుడు పెట్టు."

పావుగంటలో సరిచేశాడు. ఆ సాయంత్రం తెర మీద పదమూడు ఎర్ర మచ్చలు తేలాయి. ఆఫీసు మొత్తం ఫోన్ల మీద పడింది.

శనివారం పొద్దున ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చున్నారు. డెర్లిస్ రాస్తున్నాడు, బ్లాసిడా చదువుతోంది. అంకె ఎక్కడ మొదలైందో, చదవడం ఎక్కడ ఆగిందో చూసుకునే ఫంక్షన్ పెట్టాడు. చదివాక ఇంకేమైనా మిగిలితే ఆ లైను పక్కకు పోతుంది. కామా మళ్ళీ వచ్చింది. అంకె లేదు, అంకె తర్వాత మాటలున్నాయి, తేదీ తప్పు, లైను మరీ పొడుగు. ఒక్కో తప్పుకు ఒక్కో కారణం. నిన్నటి అంకె వేసే ఆరు లైన్లను అతనే కొట్టేశాడు, కొట్టేటప్పుడు కీ గట్టిగా నొక్కాడు.

అలాగని ఆమె చెప్పినదానికల్లా తలూపలేదు. "ఫైల్ మూసే పని మీ పద్ధతిలో తొమ్మిది చోట్ల విడివిడిగా రాయాలి," అన్నాడు. "ఏ తప్పొచ్చినా అంతా ఒకే చోటికి వచ్చి, అక్కడే మూసుకుని బయటికి పోవాలి."

"తొమ్మిది చోట్ల రాస్తే ఏం? పని చేస్తోందిగా."

"ఎనిమిది చోట్ల చేస్తోంది. తొమ్మిదోచోట మీరు మర్చిపోయారు, న్యా బ్లాసిడా. ఇదిగో చూడండి."

ఆమె కళ్ళజోడు సర్దుకుని చూసింది. నిజమే. "ఛీ," అంది తన మీద తనే. "నీ పద్ధతే పెట్టు."

కోడ్ నాలుగు వందల తొంభై లైన్లకు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, ఇరవై రెండేళ్ళుగా ఆమె పోగేసిన చదవలేని లైన్లన్నిటినీ దానికి మేతగా వేశారు. ఒక్కదాన్నీ అది ఊహించి రాయలేదు. బ్లాసిడా కలం తీసి సంతకం చేసింది.

సోమవారం ఉపమంత్రి వచ్చేసరికి తెర మీద తొమ్మిది ఎర్ర మచ్చలున్నాయి. డైరెక్టర్ ఆమెను మ్యాపులున్న గోడ వైపు నడిపించబోయాడు కానీ ఆవిడ తెర దగ్గరే ఆగింది.

"ఈ ఎర్రవేంటి?"

డైరెక్టర్ నోరు తెరిచేలోపు వెనక నుంచి బ్లాసిడా అందుకుంది. "మాకు ఇంకా తెలీనివి, సెన్యోరా. పొద్దున పదమూడున్నాయి. ఫోన్లు చేసి నాలుగు తేల్చాం. మిగతావి తేలుస్తున్నాం."

"అంటే పచ్చవన్నీ నమ్మొచ్చా?"

"ఇవాళ నమ్మొచ్చు. శుక్రవారం అడిగుంటే వద్దనేదాన్ని."

డైరెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. ఉపమంత్రి ఆయన వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా, ఫోన్ చేస్తున్నవాళ్ళ పక్కన కుర్చీ లాక్కుని కాసేపు కూర్చుంది.

రెండు వారాల తర్వాత బ్లాసిడాకు ఒక ఉత్తరం వచ్చింది. అనుమతి లేకుండా బయటివారికి నిరాధారమైన సమాచారం ఇచ్చినందుకు హెచ్చరిక, దానితోపాటు కింది అంతస్తులో పాత మ్యాపుల గదికి బదిలీ. ఆమె దాన్ని తీసుకుని, తన పద్ధతిలో, ఎర్ర పెన్సిలుతో పరిశీలించింది. తేదీ తప్పు, గురువారం కాదు శుక్రవారం. 'నిరాధారమైన' అన్న మాట చెల్లదు, ఆధారం జతచేశాను, చూడగలరు. 'బయటివారు' అంటే ఎవరో స్పష్టంగా లేదు. దిద్ది వెనక్కి పంపింది. రెండో ప్రతి వచ్చింది, అదీ వెనక్కి పోయింది. మూడోసారి 'నిరాధారమైన' అన్న మాట లేకుండా వచ్చాకే అందుకున్నట్టు రాసిచ్చి, తన మిషన్ తనే ఎత్తుకుని మెట్లు దిగింది.

మ్యాపుల గదిలో తేమ వాసన. కిటికీ ఒక్కటే, అది కూడా సగం తెరుచుకుంటుంది. రెండో రోజు మధ్యాహ్నం డెర్లిస్ కుర్చీ కోసం చూస్తూ లోపలికొచ్చాడు. చంకలో కాగితాల కట్ట. వాన కొలతల్ని చదివే ప్రోగ్రామ్, ఈసారి మొదటి నుంచీ తనే రాసింది.

"పైన పరిశీలించేవాళ్ళు లేరా?" అంది ఆమె తలెత్తకుండా.

"ఉన్నారు. వెంటనే సంతకం పెట్టేస్తారు."

ఆమె కట్ట లాక్కుంది. మూడో పేజీ దాకా చదువుకుంటూ పోయింది. అక్కడ పెన్సిల్ ఆగింది.

"ఇక్కడ ఫైల్ తెరుచుకోకపోతే?"

"తెరుచుకుంటుందండీ, అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది."

"తెరుచుకోకపోతే?"

డెర్లిస్ నిట్టూర్చి, మ్యాపుల పెట్టె ఒకటి దగ్గరికి జరుపుకుని దాని మీద కూర్చున్నాడు.